అధికముగా ముట్టిన జీతము

రైలు పట్టణములలో నెల మొదటి దినములకున్న ప్రాధాన్యము పండుగలకును లేదు. ఖరగ్‌పూరులో కర్మాగారపు గేటు మొదలు మలంచా వరకు అంగళ్ల అరువు పద్దులు, బియ్యపు బస్తాలు, పిల్లల బడి ఫీజులు, స్వగ్రామమునకు పంపవలసిన మనియార్డరులు అన్నియు జీతపు దినమును చూచుకొనియే నడచెడివి. జీతము తక్కువ ముట్టినప్పుడు కలుగు అలజడి అందరెరిగినదే. ఎక్కువ ముట్టినప్పుడు మాత్రము అలజడి ఉండదు. పెక్కుమారులు, ఎక్కువ ముట్టినదని పుచ్చుకొన్నవానికి తెలియనే తెలియదు. ఏండ్లు గడచిన పిదప తనిఖీదారు సర్వీసు పుస్తకము తిరుగవేసి, ఇంత మొత్తము అధికముగా చెల్లింపబడినది గనుక వసూలు చేయవలసినదని వ్రాసినప్పుడు తెలియును. అప్పటికి ఆ సొమ్ము బియ్యమై, బట్టయై, ఆడపిల్ల పెండ్లి ఖర్చయి కరగిపోయి యుండును.

పొరపాటున అధికముగా చెల్లించిన జీతము ఎవరిది, దానిని తిరిగి రాబట్టు అధికారము ఎంతవరకు కలదు అను ప్రశ్నకు భారతదేశములో నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్రలో రైలు ఉద్యోగికి ప్రత్యేకస్థానమున్నది. ఏలయనగా జీతపు కోతలను గూర్చి ఈ దేశములో పుట్టిన మొదటి చట్టము మొట్టమొదట వర్తించినది ఫ్యాక్టరీ పనివారికిని, రైలు పనివారికినే.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో లండనులో ఏర్పడెను. తూర్పుతీరపు రైలుమార్గములో కటకమునకు దక్షిణముగా వాల్తేరు వరకుగల భాగము 1902లో ఆ కంపెనీ చేతికి వచ్చెను. విశాఖపట్టణము, గంజాము మండలముల తెలుగువారికి ఖరగ్‌పూరు దగ్గరైనది ఈ మార్గము వలననే. ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, ఫైర్‌మన్లుగా, గుమాస్తాలుగా వారు వచ్చిరి. రైల్వే క్వార్టర్లలో చోటు దొరికినవారు అక్కడను, దొరకనివారు మలంచా వంటి పేటలలోను కాపురములు పెట్టిరి. వంగదేశపు గడ్డమీద తెలుగు బడి, తెలుగు భజన, తెలుగు నాటకము వెలసినవి. వీనియన్నింటికిని పెట్టుబడి నెలసరి జీతమే.

ఆ జీతము చేతికి వచ్చు త్రోవ పొడుగైనది. టైముకీపరు హాజరు పట్టీ వ్రాయును. దానినిబట్టి గుమాస్తా జీతపు బిల్లు కట్టును. లెక్కల కార్యాలయమువారు సరిచూతురు. పిమ్మట పే క్లర్కు నగదు పెట్టెతో వచ్చి, పై ఉద్యోగి సాక్షిగా నిలువగా, సంతకము గాని వేలిముద్ర గాని పుచ్చుకొని సొమ్ము ముట్టచెప్పును. ఇన్ని చేతులు మారు వ్యవహారములో ఎక్కడనో ఒకచోట అంకె తప్పుట వింత కాదు. సెలవు దినము పని దినముగా పడవచ్చును. ఓవర్‌టైము గంటలు రెండుమారులు ఎక్కవచ్చును. ఇంక్రిమెంటు తేదీ ఒక సంవత్సరము ముందునకు జరుగవచ్చును. పై స్థానములో తాత్కాలికముగా పనిచేసి తిరిగి వచ్చినవానికి పై జీతమే కొనసాగవచ్చును. ఈ తప్పులలో వేలిముద్ర వేసినవాని ప్రమేయము ఏమియు లేదు. బిల్లు కట్టినవాడు వేరు, సరిచూచినవాడు వేరు, వ్రేలు సిరాలో ముంచినవాడు వేరు.

సామాన్య న్యాయమేమో యజమాని పక్షముననే ఉండెను. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టపు 72వ సెక్షను ప్రకారము పొరపాటున గాని నిర్బంధమున గాని ఇయ్యబడిన సొమ్మును పుచ్చుకొన్నవాడు తిరిగి ఇయ్యవలెను. ఇది సబబైన మాటయే. కాని వర్తకుడు వర్తకునిపై ఈ సెక్షను క్రింద దావా వేసినప్పుడు ఇరువురును న్యాయాధిపతి ఎదుట సమానులు. కంపెనీకి తన పనివానిపై దావాతో పనియే లేదు. వాని రాబోవు జీతము తన చేతిలోనే యున్నది. కోసికొన్నచో సరిపోవును. దావా వేయవలసిన భారము కోత పడినవానిపై పడును. జీతపు వసూలులోని కష్టమంతయు ఈ ఒక్క విషయములో నిమిడియున్నది.

విచిత్రమేమనగా, ఆ కంపెనీ పుట్టిన ఇంగ్లండులోనే పనివానికి ఈ విషయమున కొంత రక్షణ ఏర్పడి యుండెను. 1831 నాటి ట్రక్ చట్టము జీతమును నాణెముగానే చెల్లింపవలెనని శాసించెను. 1896 నాటి ట్రక్ చట్టము జరిమానాలకు, నష్టపు కోతలకు ముందుగా ఒడంబడిక ఉండవలెననియు, ప్రతి కోతకును వివరము వ్రాసి పనివానికి ఇయ్యవలెననియు విధించెను. అట్టి చట్టము ఇండియాకు వచ్చుటకు మరి నలువది సంవత్సరములు పట్టెను.

ఆ నలువది సంవత్సరములు ఊరక గడువలేదు. 1927లో ఖరగ్‌పూరు కర్మాగారములో రెండు మారులు పని స్తంభించెను. మొదటిది ఫిబ్రవరిలో జరిగెను. రెండవది సెప్టెంబరులో, పనివారిని తగ్గింతుమని కంపెనీ ప్రకటించిన పిమ్మట ప్రారంభమై నెలల తరబడి సాగెను. ఆ పోరాటములో కార్మికులకు నాయకత్వము వహించినవారిలో బరంపురపు న్యాయవాది వరాహగిరి వేంకటగిరి ముఖ్యుడు. తరువాతి కాలమున ఆయన కేంద్రములో కార్మికశాఖ మంత్రియయ్యెను. బ్యాంకు ఉద్యోగుల జీతములపై ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము సవరించినందుకు 1954లో ఆ పదవిని వదలుకొనెను. 1969లో రాష్ట్రపతి అయ్యెను. జీతపు లెక్కలో ఒక అంకె మారుట కుటుంబమునకు ఎంత పెద్ద సంగతియో ఖరగ్‌పూరు వంటి చోట చూచినవాడు మంత్రిపదవిని అట్లు వదలుకొనుటలో ఆశ్చర్యము లేదు.

పనివారి స్థితిగతులను విచారించుటకై 1929లో విట్లీ అధ్యక్షతను రాయల్ కమిషను నియమింపబడి 1931లో నివేదిక సమర్పించెను. జరిమానాలను, కోతలను చట్టముచే కట్టడి చేయవలెనని ఆ నివేదిక సిఫారసు చేసెను. దాని ఫలితమే 1936 నాటి వేతనముల చెల్లింపు చట్టము. అది 1937 మార్చి 28వ తేదీన అమలులోనికి వచ్చెను. మొదట నెలకు 200 రూపాయలకు లోబడిన జీతగాండ్రకు మాత్రమే అది వర్తించెను. వేయిమందికి తక్కువైన పనివారు గల చోట నెల గడచిన 7 దినములలోగా, ఎక్కువమంది గల చోట 10 దినములలోగా జీతము చెల్లింపవలెను. 7వ సెక్షనులో చెప్పిన కోతలు తప్ప మరి ఏ కోతయు చెల్లదు. గైరుహాజరు, నష్టము, ఇంటి అద్దె, ఆదాయపు పన్ను, ప్రావిడెంటు ఫండు మొదలగువాని సరసన అడ్వాన్సుల వసూలును, అధికముగా చెల్లించిన జీతపు సర్దుబాటును అందులో చేరినవి. అక్రమముగా కోసినవానినుండి కోసిన సొమ్మును, దానికి పదిరెట్ల వరకు పరిహారమును ఇప్పించు అధికారము ప్రత్యేకాధికారికి ఇయ్యబడెను.

చట్టము మంచిదే. అందులోని ఒక విషయము మాత్రము ఆలోచింపదగినది. పనివాడు తప్పుచేసి జరిమానాకు గురియైనచో, ఒక జీతకాలములో ఆ జరిమానా రూపాయకు అర్ధణాకు మించరాదని చట్టము హద్దు గీసెను. విధించిన నాటినుండి 60 దినములు దాటిన పిదప దానిని వసూలు చేయరాదనియు చెప్పెను. గుమాస్తా తప్పువలన జీతము ఎక్కువ ముట్టినవానికి అట్టి హద్దు ఏదియు లేకపోయెను. తప్పు చేసినవానికి అర్ధణా గోడ అడ్డు. తప్పు చేయనివానికి ఏ గోడయు లేదు. అన్ని కోతలును కలసి జీతములో సగమునకు మించరాదను నియమము 1964 నాటి సవరణతో వచ్చెను. సహకార సంఘములకు చెల్లింపులున్నచో ఆ హద్దు నూటికి 75 వరకు పోవచ్చును. సహకార సంఘపు బాకీలేని రైలు ఉద్యోగి అరుదు గనుక, ఈ రెండవ అంకెయే పలువురి విషయమున నిజమైన హద్దయ్యెను.

ఈలోగా యజమాని మారెను. 1944 అక్టోబరు 1వ తేదీన బెంగాల్ నాగపూర్ రైల్వేను ప్రభుత్వము స్వాధీనము చేసికొనెను. 1952లో అది ఈస్టరన్ రైల్వేలో కలిసి, 1955 ఆగస్టు 1న సౌత్ ఈస్టరన్ రైల్వేగా వేరుపడెను. కంపెనీ నౌకరు ప్రభుత్వోద్యోగి అయ్యెను. దానితో వసూలు ప్రశ్నకు మరియొక ముఖము కలిగెను. కంపెనీ సొమ్ము వాటాదారులది. ప్రభుత్వపు సొమ్ము ప్రజలది. ప్రజల సొమ్ము పొరపాటున పోయినచో వదలుకొను హక్కు ఏ అధికారికి కలదు?

ఇంగ్లండు న్యాయస్థానము దీనికి దగ్గరి ప్రశ్నను ఏనాడో ఎదుర్కొనియుండెను. 1825లో తీర్పు వచ్చిన స్కైరింగ్ వ్యాజ్యములో ఫిరంగిదళపు మేజరొకడు కక్షి. వాని ఖాతాలో సేనా పేమాస్టర్లు పెంచిన జీతమును జమకట్టుచు వచ్చిరి. ఆ హెచ్చింపు అతని వంటివారికి చెల్లదని పై బోర్డు 1816లోనే వారికి తెలిపెను. వారు ఆ సంగతి 1821 వరకు అతనికి చెప్పలేదు. అతడు మరణించిన పిదప, ఖాతాలోని సొమ్మునుండి ఆ హెచ్చింపును మినహాయింపబోగా న్యాయస్థానము అంగీకరింపలేదు. మనుష్యుడు తనకు వచ్చు రాబడినిబట్టి బ్రదుకు తీరు ఏర్పరచుకొనును. ఇది నీదేయని ఏండ్ల తరబడి నమ్మించి, పిమ్మట కాదనుట తగదని ఆ తీర్పు సారాంశము. తెలిసియు తెలుపకపోవుటయే అక్కడ పేమాస్టర్ల దోషము.

స్వతంత్ర భారతములో ఈ వ్యాజ్యములు పెరుగుటకు పే కమిషనులు ఒక ముఖ్యకారణము. ప్రతి కమిషను తరువాతను లక్షలాది ఉద్యోగుల జీతములు కొత్త స్కేళ్లలో తిరిగి నిర్ణయింపబడవలెను. అన్ని నిర్ణయములును సరిగా జరుగునని ఎవ్వరును అనుకొనరు. మూడవ పే కమిషను పిదప కొందరు ఫార్మసిస్టులకు 330–480 స్కేలుకు బదులు 330–560 స్కేలు ఇయ్యబడెను. 1984లో తప్పు కనుగొని, 1973 జనవరి 1వ తేదీనుండి తగ్గించుచు ఉత్తరువులు వెలువడినవి. పదునొకండు సంవత్సరముల వెనుకకు పోయిన తగ్గింపు అది. శ్యాంబాబు వర్మ కేసుగా ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యములో 1994లో సుప్రీంకోర్టు, స్కేలు తగ్గింపు న్యాయమే గాని, ఉద్యోగుల దోషమేమియు లేనందున పూర్వము ముట్టిన సొమ్మును వసూలు చేయరాదనెను. హర్యానాకు చెందిన సాహిబ్ రాం కేసులోను తీర్పు అదే తీరుగా వచ్చెను.

బీహారు ఉపాధ్యాయుల పక్షమున నడచిన సయ్యద్ అబ్దుల్ ఖాదిర్ కేసులో సుప్రీంకోర్టు ఈ దయకు పునాది యేమో విడమరచి చెప్పెను. సొమ్మును ఉంచుకొను హక్కు ఉద్యోగికి ఉన్నందున కాదు, వసూలువలన కలుగు కష్టమును తప్పించుటకై న్యాయబుద్ధితో మాత్రమే వసూలును ఆపుట. ఉద్యోగి మోసముచేసినను, తప్పుడు వివరములిచ్చినను, ఎక్కువ వచ్చుచున్నదని ఎరిగియుండినను, తప్పు స్వల్పకాలములోనే బయటపడినను ఆ దయ వర్తింపకపోవచ్చును. ఈ విభజన బహు విలువైనది. సంఘములలోను, సమావేశములలోను "కోర్టు వసూలు వలదన్నది" అని మాత్రము చెప్పికొని, తక్కిన సగమును విడిచిపెట్టుట పరిపాటియైనది.

ఆ రెండవ సగమును 2012లో చండీప్రసాద్ ఉనియాల్ కేసు గట్టిగా జ్ఞాపకము చేసెను. అది పన్ను కట్టు ప్రజల సొమ్ము, ఇచ్చినవానిది గాని పుచ్చుకొన్నవానిది గాని కాదు, మిక్కిలి కష్టము కలుగు సందర్భములలో తప్ప వసూలు కావలసినదే యని తీర్పు వచ్చెను. అక్కడ పండ్రెండు సమాన వాయిదాలలో వసూలునకు అనుమతి దొరకెను. రెండు దారుల తీర్పులను చూచి లెక్కల కార్యాలయములు తికమకపడిన మాట నిజము.

2014 డిసెంబరు 18వ తేదీన రఫీక్ మసీహ్ కేసులో న్యాయమూర్తులు ఖేహర్, అరుణ్ మిశ్రా గార్లు వసూలు చేయరాని సందర్భములను ఐదింటిని పేర్కొనిరి. గ్రూపు సి, గ్రూపు డి ఉద్యోగులనుండి వసూలు చేయరాదు. రిటైరైనవారినుండి గాని, ఒక సంవత్సరములో రిటైరు కాబోవువారినుండి గాని చేయరాదు. వసూలు ఉత్తరువునకు ముందు ఐదేండ్లకు మించి అధిక చెల్లింపు జరిగియుండినచో చేయరాదు. పై పదవి పనిని పొరపాటున చేయించి దానికి జీతమిచ్చినచో, క్రింది పదవియే వానిదనుచు ఆ జీతమును వెనుకకు లాగరాదు. ఐదవది, వసూలువలన ఉద్యోగికి కలుగు కష్టము యజమాని హక్కును మించి అన్యాయముగా తోచు ఏ సందర్భమైనను కావచ్చును. కేంద్రప్రభుత్వపు సిబ్బంది శాఖ 2016 మార్చి 2వ తేదీ మెమోరాండము ద్వారా ఈ తీర్పును కార్యాలయములన్నింటికి తెలిపెను. 2022లో థామస్ డానియల్ అను కేరళ ఉపాధ్యాయుని కేసులో, 1999లో రిటైరైన వ్యక్తినుండి చేయబోయిన వసూలును సుప్రీంకోర్టు నిలిపివేసెను.

ప్రభుత్వ కార్యాలయములను గూర్చి ఇంత చర్చ జరిగినను, మలంచా వంటి పేటలోని చిన్న అంగడిలోను, వర్కుషాపులోను ఇదే పొరపాటు జరుగుచుండును. రఫీక్ మసీహ్ తీర్పు ప్రభుత్వోద్యోగులను గూర్చినది గాని అంగడి పనివానిని గూర్చినది కాదు. అంగడి పనివానికి ఆధారము వేతనముల చట్టమే. 1936 నాటి చట్టమునకు బదులుగా 2019 నాటి వేతనముల కోడు 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చెను. అధిక చెల్లింపు సర్దుబాటు అందులోను అనుమతింపబడిన కోతయే. మొత్తము కోతలు జీతములో సగము మించరాదు.

ఉదాహరణకు, నెలకు 12,000 రూపాయల జీతగానికి జనవరి మొదలు ఏప్రిలు వరకు 13,500 చొప్పున పొరపాటున చెల్లినదనుకొందము. మే మాసములో 6,000 రూపాయల తేడా బయటపడినది. చట్టపు హద్దు ప్రకారము, వేరు కోతలు లేనిచో, ఆ ఆరువేలును ఒక్క నెలలోనే కోయవచ్చును. కాని సగము జీతముతో ఆ ఇంట పొయ్యి ఎట్లు రాజునో యజమాని యోచింపవలెను. ముందుగా పనివానికి లెక్క చూపి, వానిచేత ఒప్పుదల వ్రాయించుకొని, నెలకు వేయి చొప్పున ఆరు వాయిదాలు పెట్టినచో ఇరువురికిని సుఖము.

పద్దు వ్రాయుటలోనే చిన్న వర్తకులు తరచు తడబడుదురు. పాత చిట్టాలోని 13,500ను కొట్టివేసి 12,000గా దిద్దరాదు. నగదు నిజముగా పోయినది 13,500 గదా! కొత్త సవరణ పద్దు వేయవలెను. ఆవర్జాలో పనివాని పేర ఖాతా తెరచి 6,000 బాకీ వ్రాయవలెను. అందులో ఏప్రిలు నెలకు చెందిన 1,500ను ఈ సంవత్సరపు జీతముల ఖాతాకు జమకట్టవలెను. మార్చితో ముగిసిన సంవత్సరపు పుస్తకములు అప్పటికే మూయబడినచో, తక్కిన 4,500 ఆ సంవత్సరపు ఖర్చులో చేరి లాభమును తగ్గించి చూపియుండును. కనుక అది గత సంవత్సరపు సవరణగా జమపడవలెను. పిదప ప్రతి నెలయు జీతపు ఖర్చు 12,000గానే పడవలెను. చేతికిచ్చినది 11,000, పనివాని ఖాతాకు జమ 1,000. ఇట్లు గాక చేతికిచ్చిన 11,000నే జీతముగా వ్రాసినచో ఒక తప్పు రెండగును. ప్రావిడెంటు ఫండు గల చోట చందా 12,000పై కట్టవలసియుండగా 11,000పై కట్టినట్లగును. యజమాని పొరపాటునకు పనివాని వృద్ధాప్యపు సొమ్ము తరుగును.

మరల రైలు ఉద్యోగి మాటకు వత్తము. నగదు పెట్టె, వేలిముద్ర ఈనాడు లేవు. జీతము బ్యాంకు ఖాతాలో పడును. బిల్లు ఐపాస్ అను కంప్యూటరు పద్ధతిలో తయారగును. కూడికలో తప్పు రాదు గాని, మొదట ఎక్కించిన స్కేలో, తేదీయో తప్పైనచో యంత్రము ఆ తప్పును నెలనెలయు తప్పకుండ చేయును. 1993 నాటి రైల్వే పెన్షను నియమములలోని 15వ నియమము ప్రకారము రిటైరగు ఉద్యోగి బాకీలను గ్రాట్యుటీనుండి మినహాయింపవచ్చును. అధిక చెల్లింపు అందులోని ఒక పద్దు. ఏండ్లనాటి జీతనిర్ణయపు తప్పు చాలమారులు బయటపడునది రిటైరగు దినములలోనే. గ్రాట్యుటీ కాగితముల కొరకు సర్వీసు పుస్తకమును మొదటి పుటనుండి సరిచూచునది అప్పుడే గదా.

ఆరవ పే కమిషను తరువాత గ్రూపు డి పదవులు గ్రూపు సిలో కలిసినవి. ఖరగ్‌పూరు కర్మాగారములోని పనివారు మిక్కిలిగా గ్రూపు సివారే. రఫీక్ మసీహ్ తీర్పులోని మొదటి మాటయే వారికి రక్ష. అయితే 2016 జూలైలో జగదేవ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక మినహాయింపును జేర్చెను. కొత్త స్కేలు కోరుకొను వేళ, అధికముగా ముట్టినది తేలినచో తిరిగి చెల్లింతునని వ్రాసియిచ్చినవాడు ఆ మాటకు కట్టుబడవలెను. ఆ కేసులోని వ్యక్తి న్యాయాధికారి. ప్రతి పే కమిషను వేళను ఆప్షను ఫారముతోపాటు ఇట్టి హామీ పత్రముమీద ఉద్యోగులందరును సంతకము చేయుదురు. పై కాగితముల నడుమ అది యొక కాగితము. చదివి చేసినవారు కొలదిమంది. ఆ సంతకము న్యాయాధికారిని కట్టినట్లే ఫిట్టరును, గుమాస్తాను కూడ కట్టునా, లేక మొదటి మాటయే వారిని కాచునా అను వివాదము ఆ తీర్పు వెలువడిన పిదప ట్రిబ్యునళ్ల ముందునకు, హైకోర్టుల ముందునకు వచ్చుచునే యున్నది.